నలభై మందికి ఒక్క బావమరిది

నలభై మందిలో ఒక్కరికీ పెళ్లి కాలేదు గానీ, అందరికీ బావమరిది మాత్రం ఉన్నాడు. అందరికీ వాడొక్కడే. వాడు శాలిబండలో చెప్పుల దుకాణం పెట్టి, నడవక మూసేశాడు.

వినేవాళ్లకు నవ్వొస్తుంది. ప్రీతికి రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఆ బావమరిదిని నలభై మందికీ అంటగట్టింది ఒకరకంగా తనే.

జరిగింది ఇది. చార్మినార్ అవతల శాలిబండ దాటాక, బట్టల దుకాణం పైన రెండంతస్తుల్లో నడిచే ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అందులో బీబీఏ చివరి ఏడాది పిల్లలు రిటైల్ మేనేజ్‌మెంట్ పరీక్ష రాశారు. దుకాణానికి చోటు ఎలా ఎంచుకోవాలో ఉదాహరణతో వివరించమని ప్రశ్న. పేపర్లు దిద్దే పెద్దమనిషి మొదటిది తీశాడు. 'ఉదాహరణకు, మా బావమరిది శాలిబండలో చెప్పుల దుకాణం తెరిచినప్పుడు' అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసి ఉంది. ఎవరో పిల్లాడు సొంత అనుభవం రాశాడు, పోనీలే అని మార్కులు ధారాళంగానే వేశాడు. రెండో పేపరు తీస్తే అందులోనూ బావమరిదే. మూడోది ఆడపిల్ల దస్తూరీ, అందులోనూ వాడే. కట్ట సగానికి వచ్చేసరికి ఆయనకు ఒళ్లు మండిపోయింది. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా అంతా ఒక్కటే ముక్క. ఇంకేముంది, కట్టకు కట్టంతా పక్కన పెట్టి మూకుమ్మడి కాపీ అని పైకి రాసి పంపేశాడు.

ఫలితాలు వచ్చిన పొద్దున కాలేజీ మెట్ల మీద పిల్లలంతా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నలభై మంది పేర్ల పక్కనా మార్కులు లేవు, ఫలితం నిలిపివేశాం అని మాత్రం ఉంది. తరగతిలో ప్రీతి స్నేహితురాలు తనూజ ఒక్కదానికే మార్కులు వచ్చాయి, అవీ అత్తెసరు. ఎప్పుడూ ఫస్టు వచ్చే ప్రీతికి ఏమీ లేవు. ఆమె ఆ ఫోను తెరను కిందికీ పైకీ జరిపి జరిపి చూసుకుంది.

నిజానికి ఎవ్వరూ కాపీ కొట్టలేదు. ఇది నమ్మాలంటే ముందు ఆ కాలేజీలో చదువు ఎలా నడుస్తుందో తెలియాలి. రిటైల్ మేనేజ్‌మెంట్ చెప్పే వెంకటనారాయణ సారు కుర్చీలో కూర్చుని నోట్సు చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు. పుస్తకం కొన్నవాడు లేడు, కొనమని చెప్పినవాడూ లేడు. ఏటా అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి, ఆ నోట్సు దింపితే చాలు గట్టెక్కుతారు. సారును తప్పు పట్టడానికీ లేదు, ఆయన పిల్లలు ఎప్పుడూ తప్పలేదు మరి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ వినేవాళ్లే ఆ లోకువను సంతోషంగా కోరి తెచ్చుకున్నారు. ఒకరోజు నోట్సు చెప్తూ చెప్తూ సారు తన బావమరిది సంగతి ఒకటి మధ్యలో కలిపాడు. రాసుకోండి అన్నాడా, ఊరికే అన్నాడా, ఎవరూ అడగలేదు. పెన్నులు కదులుతూనే ఉన్నాయి.

ఆ నోట్సును గొంతులోకి ఎక్కించే పని ప్రీతిది. పురానాపూల్ దగ్గర వాళ్ల చర్చిలో ఆదివారం బడికి పోయినప్పటి నుంచీ ఆమెకు అబ్బిన విద్య అది. పిల్లలకు అక్కడ ఏటా బైబిల్ కంఠత వాక్యాల పోటీ పెడతారు. గుక్క తిప్పుకోకుండా, తడబడకుండా ఎక్కువ వాక్యాలు ఎవరు చెప్తే వాళ్లకు స్టీలు డబ్బా. ప్రీతి వాళ్లింట్లో పప్పు, ఉప్పు, చాయ్‌పత్తా అన్నీ ఆ బహుమతి డబ్బాల్లోనే ఉంటాయి. ముందు నోటికి రానీయండి, అర్థం దానంతట అదే వెనక నుంచి వస్తుంది అని అక్కడి టీచరమ్మ చెప్పేది. ప్రీతి ఆ మాటను మనసా వాచా నమ్మింది. చదువంటే నోటికి రావడమే. నోటికి వచ్చిందా, అది నీది. ఎవడూ గుంజుకుపోలేడు.

అందుకే ఆమె కూర్చుని చదవదు. డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ చదువుతుంది. చార్మినార్ దగ్గర షేర్ ఆటో ఎక్కి కళ్లు మూసుకుంటే, కాలేజీ వచ్చేదాకా పెదాలు కదులుతూనే ఉంటాయి. పక్కన కూర్చున్న ముసలమ్మలు ఏదో జపం చేసుకుంటోంది పాపం అనుకుని జరిగి చోటిచ్చేవాళ్లు. పరీక్షలు దగ్గరికొస్తే కాలేజీ మెట్ల మీద ఆమె చుట్టూ తరగతంతా చేరేది. ఆమె ఒక వాక్యం చెప్తే అందరూ తిరిగి చెప్పాలి. కష్టమైన పేరాలకు చర్చి పాటల బాణీలు కట్టి పెట్టేది. చెప్పొద్దూ, ఆ మెట్ల మీద చదువు చూడముచ్చటగా ఉండేది.

తనూజ ఒక్కతే అందులోకి రాలేదు. శాలిబండలో బర్రెలు పెట్టుకుని పాల వ్యాపారం చేసే లక్ష్మయ్య కూతురు ఆమె, ప్రీతికి ప్రాణ స్నేహితురాలు. ఒక పేజీ చదివి, ఆగి, ఇదెందుకు ఇట్ల అయితది అని అడగడం ఆమె అలవాటు. సమాధానం దొరక్కపోతే తర్వాతి పేజీకి పోదు. ఆ లెక్కన సిలబస్ సగం కూడా పూర్తి కాదు. ప్రీతి పోరేది. ఒసేయ్, పరీక్షలో ఎందుకు అని అడగరు, ఏమిటి అని అడుగుతారు, రాసి పడెయ్ అనేది. నాకు నోరు తిరగదే అని తనూజ నవ్వేసేది. మధ్యలో ఒక టెస్టులో ఆమె వాళ్ల పాల గిరాకీ గురించి సొంతంగా రాస్తే సారు పదికి నాలుగు వేసి, నోట్సులో లేదు అని ఎర్ర ఇంకుతో రాశాడు. అదే ప్రశ్నకు ప్రీతికి తొమ్మిది. ఎవరి చదువు గొప్పదో తేలిపోయిందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇక ఇప్పుడు యూనివర్సిటీ నుంచి నోటీసు వచ్చింది. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లకు ఆ ఒక్క పేపరే రద్దు, మళ్లీ రాసుకోవచ్చు, కాకపోతే మార్కుల మెమోలో మాల్‌ప్రాక్టీస్ అన్న మాట ఉండిపోతుంది. ఒప్పుకోనివాళ్లు కమిటీ ముందుకు రావాలి. అక్కడ గనక తప్పు రుజువైతే సెమిస్టర్ మొత్తం పోతుంది.

వెంకటనారాయణ సారు తరగతిలోకి తేలు కుట్టిన దొంగలా వచ్చాడు. ఎప్పుడూ కుర్చీలోంచి లేవనివాడు ఆ రోజు బెంచీ బెంచీకీ తిరిగి బతిమాలాడు. సంతకం పెట్టి బయటపడండి, ఒక్క పేపరే కదా, అక్కడికి పోయి లొల్లి చేస్తే అందరికీ నష్టం అన్నాడు. నోట్సు సంగతి ఎత్తొద్దని మాత్రం రెండుసార్లు చెప్పాడు. వరుణ్ మొదట పెట్టాడు. మనీష్ పెట్టాడు. గంగిరెద్దుల్లా తలలూపుతూ ఒకరి వెనక ఒకరు పెట్టేశారు. కాగితం ప్రీతి దగ్గరికి వచ్చింది.

ఆమె ఆ కాగితం చదివింది. 'పరీక్షలో కాపీ చేసితినని ఒప్పుకొనుచున్నాను.' అంత చిన్న వాక్యం ఆమె గొంతు దిగలేదు. పేజీలకు పేజీలు మింగిన గొంతు అది.

"నేను పెట్ట సార్," అంది.

ఎందుకమ్మా అన్నాడు సారు.

"నేను కాపీ కొట్టలే. మీరు చెప్పింది చదివిన, చదివింది రాసిన. గదే కదా సార్ మీరు చెయ్యమన్నది."

సారు ముఖం మాడిపోయింది. తరగతిలో ఎవరో పళ్లు కొరికారు. ఇదొక్కతే సత్య హరిశ్చంద్రుడి మనవరాలు, మిగతా మేమంతా దొంగలమా అన్నారు ఇంకెవరో. ఆ మాట ప్రీతికి నిజంగానే తగిలింది. తను పెట్టకపోతే పెట్టినవాళ్లు దొంగలని తేల్చినట్టే గదా అని ఆమెకూ అనిపించింది. అయినా కాగితం వెనక్కి ఇచ్చేసింది.

ఇంట్లో ఇంకో రామాయణం. తండ్రి కృపాకర్ బస్సు డిపోలో మెకానిక్కు. ఎవరితోనూ తగవు పెట్టుకోని మనిషి, తగవు చూస్తే బండి కిందికి దూరిపోయే రకం. ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కూడా కలపలేదు. గోటితోని పొయ్యేదానికి గొడ్డలెందుకు బిడ్డా అన్నాడు. పెద్దోళ్లతోని పెట్టుకుంటే సెమిస్టర్ మొత్తం పోతది, సంతకమే గదా, పెట్టి పారెయ్ అన్నాడు. మెమో మీద మచ్చ ఎవడు చూస్తడు, ఉద్యోగంల చేరినంక ఎవడు అడుగుతడు అని కూడా అన్నాడు. ఆయన పిరికితనం అనడానికి లేదు, బిడ్డ ఏడాది పోతుందని ఆయన ఏడుపు ఆయనది.

తల్లి కళావతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా. పొయ్యి కట్టేసి, అలమర తెరిచి, చాయ్‌పత్తా ఉన్న స్టీలు డబ్బా తీసి మొగుడి ముందు ఠక్కున పెట్టింది.

"ఇది ఎవర్ని చూసి కాపీ కొట్టి తెచ్చింది?" అని అడిగింది. "నా బిడ్డ దొంగ గాదు. చర్చిల అయ్యగారు, సంఘం, అందరి ముంగట నిలబడి చెప్పి తెచ్చింది. అక్కడ గూడ నిలబడి చెప్తది."

ప్రీతికి ఏడుపు ఆగలేదు. దొంగ అన్న మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. తల్లి దాన్ని బయటికి తీసి, ఊడ్చి అవతల పారేసినట్టు అయింది. సెమిస్టర్ పోతే పోనీ, ఆ మాట మాత్రం నా మీద పడనీయను అనుకుంది.

కమిటీ ముందుకు వెళ్లేరోజు తనూజ తోడు వచ్చింది. దారిపొడవునా ప్రీతి కళ్లు మూసుకుని మొత్తం నోట్సు తిరగేస్తూనే ఉంది. తనూజ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది గానీ, గేటు దగ్గర దిగాక మాత్రం ఒక మాట అంది.

"చెప్పుమంటే నువ్వు మొత్తం చెప్తవే, నాకు ఫికర్ లేదు. గని చెప్పినంక ఇంకోటి అడుగుతరేమో, జర చూసుకో."

ఇంకేం అడుగుతారు అని ప్రీతి విసుక్కుంది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న ఆమెను అందరూ సుశీలమ్మ మేడం అంటున్నారు. తెల్లజుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు ఇలాంటి తగవులు తీర్చే పనిలో పడ్డ మనిషి. పక్కన ఉన్న ఇద్దరిలో ఒకాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది ఒప్పుకున్నారు, నీ ఒక్కదానిదేమిటి అన్నాడు.

కాపీ కొట్టలేదనీ, నోటికి వచ్చు అనీ ప్రీతి చెప్పింది. ఆయన నవ్వాడు. అందరూ అదే అంటారు, పదకొండు పేజీలు కామాలతో సహా ఎవరికి నోటికి వస్తాయి అన్నాడు.

"చెప్పమంటే చెప్తా సార్."

సుశీలమ్మ మేడం కళ్లద్దాలు పైకి తోసుకుంది. సరే చెప్పు అంది.

ప్రీతి చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మొదటి యూనిట్ మొదటి మాట నుంచి. ఆమె గొంతు గదిలో నీళ్ల పంపులా ధారగా పారింది. తల ఎత్తని ఆయన తల ఎత్తాడు. కాసేపటికి ఆయనే ఆపి, ఎక్కడో మధ్యలోంచి ఒక మాట అందించాడు. ప్రీతి అక్కడి నుంచి అందుకుంది. ఇంకోచోటు నుంచి అడిగాడు, అందుకుంది. మూడో ఆయన పరీక్షలో రాని యూనిట్ అడిగాడు. అదీ వచ్చింది. బయట వరండాలో పోతున్న ప్యూను ఆగి తలుపులోంచి తొంగి చూశాడు. బావమరిది వచ్చాడు, దుకాణం తెరిచాడు, మూశాడు, పోయాడు. ఎక్కడా ఒక్క అక్షరం జారలేదు.

చాలు అంది సుశీలమ్మ మేడం. ఆపాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రీతి కళ్లు తెరిచి ముగ్గురి ముఖాలూ చూసింది. గెలిచానని ఆమెకు తెలిసిపోయింది. ఆదివారం బడిలో చప్పట్లకు ముందు ఉండే నిశ్శబ్దం ఆమెకు బాగా తెలుసు.

మేడం చప్పట్లు కొట్టలేదు. నీళ్లు తాగుతావా అని అడిగింది. ఎక్కడుంటావని అడిగింది. పురానాపూల్ అని చెప్పింది ప్రీతి. కాలేజీకి ఎలా వెళ్తావంటే చార్మినార్ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి శాలిబండ మీదుగా ఇంకో ఆటో అంది.

"అయితే రోజూ శాలిబండ మీదుగానే పోతావన్నమాట," అంది మేడం. "నువ్వు రాసిన చెప్పుల దుకాణం అక్కడ ఎందుకు నడవలేదమ్మా?"

తగినంత స్థల పరిశీలన లేకపోవడం వల్ల అని ప్రీతి ఇంగ్లీషులో టకీమని చెప్పింది.

"అంటే?"

ప్రీతి నోరు తెరిచింది. తర్వాతి వాక్యం తన్నుకుని వచ్చింది, అది రవాణా ఖర్చుల గురించి. ఇది కాదని తెలిసి మింగేసింది. ముందు వాక్యం వెతికింది, అదీ కాదు.

మేడం గొంతు పెంచలేదు. ఆ రోడ్డు మీద ఇంకా చెప్పుల దుకాణాలు ఉన్నాయా అని అడిగింది. జనం అక్కడ ఆగి కొంటారా, లేక చార్మినార్ దాకా పోయి కొంటారా అని అడిగింది. ఆటోలు ఏ పక్కన ఆగుతాయో చెప్పగలవా అంది. ఇవేవీ నోట్సులో లేవు. అయినా ఆ వీధిలో తిరిగే చిన్నపిల్లనడిగినా చెప్పే సంగతులు. ప్రీతి రోజూ ఆ వీధిలోంచే పోయింది. కళ్లు మూసుకుని, శాలిబండ శాలిబండ అని వల్లె వేసుకుంటూ, శాలిబండలోంచే పోయింది. కళ్లు తెరిచి ఒక్కసారి అటు చూసిన గుర్తు లేదు. పుస్తకాల్లో ఉండే లండను, న్యూయార్కు లాంటి ఊరేదో అన్నట్టే ఆ పేరును మింగేసింది.

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. నోటికి వస్తే అర్థం వెనక నుంచి దానంతట అదే వస్తుంది అనుకుంది ఇన్నేళ్లూ. అది రాలేదు. రాలేదన్న సంగతి కూడా ఈ నిమిషం దాకా తెలియలేదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ ఆగి వెనక్కి తిరిగి చూడలేదు.

తెలియదు మేడం అంది.

కాగితాల ఆయన గొంతు సవరించుకున్నాడు. సరే, అమ్మాయి కాపీ కొట్టలేదని తేలింది, ఈమె ఫలితం ఇచ్చేద్దాం అన్నాడు. మంచి మార్కులు, ఫస్టు ర్యాంకు, శుభ్రమైన మెమో. ఇక నువ్వు వెళ్లొచ్చు అన్నాడు.

ప్రీతి కదల్లేదు. మిగతా వాళ్ల సంగతేమిటి సార్ అని అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు గదా అన్నాడాయన. వాళ్లు భయపడి ఒప్పుకున్నారు, వాళ్లకు చెప్పింది నేనే, మెట్ల మీద నా నోటి నుంచే నేర్చుకున్నారు, నేను దొంగను కాకపోతే వాళ్లూ కారు అంది ప్రీతి. వాళ్లనూ పిలిచి చెప్పించుకోండి, సగం సగమైనా చెప్తారు అంది.

సుశీలమ్మ మేడం కుర్చీలో వెనక్కి వాలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నీ ఒక్కదాని సంగతైతే ఇక్కడితో తేలిపోతుంది, నీ మార్కులు నీకుంటాయి. తరగతంతా ఒకే నోట్సు బట్టీ పట్టిందని నువ్వు రాసిస్తే అది కాపీ కేసు కాదు, చదువు కేసు. అందరి మీది మచ్చా పోతుంది. కానీ ఆ పేపరు మొత్తం చెల్లదు. ఆ నలభై మందీ మళ్లీ రాయాలి, నువ్వు కూడా. ఆ పేపరు నేనే తయారు చేయిస్తాను, నోట్సు పనికొచ్చే ప్రశ్న ఒక్కటి కూడా ఉండదు. ఇప్పుడే చూశాం కదా, దానికి నీ దగ్గర ఏమీ లేదు. నువ్వు తప్పొచ్చు. ఆలోచించుకో అంది.

మేడం నిర్దయగా చెప్పలేదు, అందుకే ఇంకా మంట పుట్టింది. ప్రీతికి ఒక్కసారిగా కోపం వచ్చింది. మేడం మీద కాదు, తన మీద కాదు, అందరి మీదా కలిపి వచ్చింది.

"మేడం, ఒక్క మాట అడుగుత. మూడేండ్ల సంది నన్ను ఎవ్వరన్నా ఎందుకు అని అడిగిన్రా? నా దోస్తు తనూజ ఎందుకు ఎందుకు అనుకుంట సొంతంగ రాసింది. దానికి నాలుగు, నాకు తొమ్మిది. ఏ చదువు చదవాల్నో మీ మార్కులే నాకు నేర్పినయ్. ఇయ్యాల నేను తెల్వదంటే నవ్వుకోండ్రి. గని ఈ చదువు నేను ఇంట్ల చేసుకోని తేలే."

ఎవరూ నవ్వలేదు. మూడో ఆయన తన ముందున్న పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టాడు.

"రాసిస్త," అంది ప్రీతి. "కాగితం ఇయ్యుండ్రి."

కాగితాల ఆయన గుమాస్తాను పిలిచి, అమ్మాయి వాంగ్మూలం తీసుకో, నేను చెప్తాను, రాయించు అన్నాడు. ప్రీతి ఆ మాట మధ్యలోనే అడ్డుకుంది. మీరు చెప్పొద్దు సార్, నేనే రాసుకుంటా అంది.

కాగితం, పెన్ను ఆమె ముందుకు వచ్చాయి. రాయబోయింది. రాలేదు. ఆశ్చర్యంగా, ఒక్క ముక్క కూడా రాలేదు. పుస్తకాలకు పుస్తకాలు దాచిన తలలో తనదైన వాక్యం ఒక్కటి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఒక లైను రాసి కొట్టేసింది. ఇంకో లైను రాసి సగం కొట్టేసింది. ముగ్గురూ ఆమె వంక చూస్తూ కూర్చున్నారు. వాళ్లకూ అంతసేపు అలా కూర్చోవడం కొత్తే. ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి దిగింది. చివరికి కొట్టివేతల నడుమ రెండు మూడు లైన్లు నిలబడ్డాయి. వాటి కింద సంతకం పెట్టి తోసింది.

సుశీలమ్మ మేడం పైకే చదివింది.

"మేము కాపీ కొట్టలేదు. మేము నేర్చుకోనూ లేదు. మొదటిది ఎవరు కాదన్నా ఊరుకోము. రెండవది మా ఒక్కరి తప్పు కాదు."

ఇది ఇలాగే ఫైలులో పెట్టమంటావా అని అడిగింది. ఇలాగే పెట్టండి మేడం అంది ప్రీతి. మేడం కాగితాన్ని మడవలేదు. అందరికీ కనిపించేలా ఫైలు పైన పెట్టి, కింద తన సంతకం కూడా పెట్టింది.

మర్నాటికే కబురు కాలేజీకి చేరింది. వెంకటనారాయణ సారు సెలవు పెట్టాడు. మెట్ల మీద తరగతంతా చేరి ప్రీతి కోసం కాపు కాసింది. మెమో మీద మచ్చ పోయిందన్న సంబరం కొందరిలో ఉంది. మళ్లీ పరీక్ష అన్న మంట మాత్రం అందరిలోనూ ఉంది. ఆమె రాగానే వరుణ్ ఎదురొచ్చాడు. నీకు ఫస్టు ర్యాంకు ఇస్తామంటే వద్దని వచ్చినవట, దిమాక్ గిట్ల ఖరాబైందా అన్నాడు. తనూజ అప్పటికే కాస్త పక్కగా ఒక మెట్టు మీద కూర్చుని ఉంది. నోటు పుస్తకం తెరిచి చూపించి, సరే అయిందేదో అయింది, కొత్త పేపరుకు నోట్సు చెప్పు, ఎప్పట్లాగే నీ వెనక చెప్తాం అన్నాడు వరుణ్. వెనక ఉన్న వాళ్లంతా పెన్నులు తీశారు.

ప్రీతి ఆ పెన్నుల వంక చూసింది. తల దించలేదు.

"లేదు. నా దగ్గర ఏం లేదు," అంది. "ఏమడుగుతరో నాకు తెల్వదు, ఏం రాయాల్నో గూడ తెల్వదు. నాకు మస్తు భయమైతుంది వరుణ్. గని తప్పినా మనం దొంగలమని తప్పం. చదువురాక తప్పుతం. జరుగు, తనూజ పక్కన నన్ను గూడ కూసోనీ."